పిస్టనుకు జోడు

అమెరికాలో ఊరూరా జరిగే స్టాక్ కారు పందాలలో షెవ్రొలే 350 ఇంజను చిరపరిచితమైనది. దాని ఎనిమిది పిస్టన్లలో ఒకటి పగిలిందనుకొందాం. జోడు కొరకు పాత సామాను అంగడికి వెళ్లినవానికి అదే సంస్థ 327 ఇంజను పిస్టను దొరకవచ్చు. రెండింటి వ్యాసమూ 101.6 మి.మీ.; పిన్ను మందమూ ఒకటే. సిలిండరులో చక్కగా ఇముడుతుంది. మోసమంతా అక్కడే ఉన్నది!

పిన్ను కేంద్రం నుండి పిస్టను తలవరకు గల ఎత్తు 350లో 39.6 మి.మీ.; 327లో 42.5. పిస్టను పూర్తిగా పైకి చేరినపుడు 350 బ్లాకు అంచుకు దిగువన మిగిలే ఎడము సుమారు 0.6 మి.మీ. మాత్రమే. కావున 327 పిస్టను అంచు దాటి 2.3 మి.మీ. పైకి పొడుచుకొని వస్తుంది. నడుమనున్న గాస్కెట్టు మందము ఇంచుమించు ఒక మి.మీ. ఇంజను ఒక చుట్టు తిరుగకమునుపే పిస్టను హెడ్డును ఢీకొనక తప్పదు.

సిలిండర్లను లోగడ తొలిపించి ఉంటే వ్యాసమూ మారుతుంది; అట్టి పిస్టను తలపై తరచు 030 వంటి అంకె ముద్రితమై ఉంటుంది.

ఇక బరువు. ఎనిమిదింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఇంజను కంపిస్తుంది, బేరింగులు త్వరగా అరుగుతాయి. జోడు బరువైనదైతే లోపలివైపు కొద్దిగా చెక్కి సరిచేయవచ్చు. తేలికైనదైతే తక్కిన ఏడింటినీ చెక్కవలసి వస్తుంది.