ఇంట్లో వైఫైకి రెండు దారులు

ఇవాళ చాలా ఇళ్లల్లో వైఫై ఉంది. పిల్లల పాఠాలు దాని మీదే. పొదుపు సంఘం లెక్కలు దాని మీదే. దూరాన ఉన్న బిడ్డతో మాటలూ దాని మీదే. నెల నెలా డబ్బు కడతారు. అయినా ముందు గదిలో వచ్చేది వంటింట్లోకి రాదు. బిడ్డ పరీక్ష దరఖాస్తు పంపే చివరి రోజున అది ఆగిపోతే ఏడాది చదువే పోవచ్చు.

"ఇంకా పెద్ద ప్లాను తీసుకోండి" అని ఎవరో చెబుతారు. ఇంకొంత డబ్బు పోతుంది. కానీ తప్పు ప్లానులో లేకపోవచ్చు. పట్టుకున్న దారిలో ఉండవచ్చు.

ఏమిటీ దారులు?

వైఫై పెట్టెను రూటర్ అంటారు. అది రేడియో తరంగాలతో పనిచేస్తుంది. తరంగాలు కంటికి కనబడవు. గాలిలో పోతాయి. చాలా రూటర్లు రెండు రకాల తరంగాలు పంపుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్. రెండోది 5 గిగాహెర్ట్జ్. ఈ మాటలు చూసి బెదరకండి. మొదటిది సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు ఊగుతుంది. రెండోది 500 కోట్లకు పైగా ఊగుతుంది.

డప్పు, గజ్జెలు

వీధి చివర డప్పు కొడితే ఇంట్లోకి వినబడుతుంది. గజ్జెల చప్పుడు తలుపు వేస్తే వినబడదు. 2.4 డప్పు లాంటిది. గోడలు దాటి దూరం పోతుంది. 5 గజ్జెల లాంటిది. గోడ దాటేసరికి బాగా నీరసపడుతుంది. కాంక్రీటు గోడ, ఇనుప బీరువా అయితే మరీ అడ్డు.

మరి 5 ఎందుకు? అది వెడల్పు దారి. ఒకేసారి ఎక్కువ సమాచారం పోతుంది. 2.4 దారి సంత రోజు బజారు లాంటిది. పక్కింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ అక్కడే. ఒకదానికొకటి తగలకుండా నడిచే వరుసలు ఆ దారిలో మూడే. వాటి నంబర్లు 1, 6, 11. 5 దారిలో వరుసలు ఎక్కువ. మన దేశంలో 2018లో ప్రభుత్వం ఈ దారిలో మరింత చోటును లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది.

పేరు చూసి మోసపోవద్దు

ఒక ఇంట్లో తల్లీ కూతుళ్ల మాటలు ఇవి.

"అమ్మా, ఫోనులో మన వైఫై పేరు రెండుసార్లు కనబడుతోంది. ఒకదాని చివర 5జీ అని ఉంది."

"అయితే అది సెల్ టవరు 5జీనా? కొత్త సిమ్ము కొనాలా?"

"కాదమ్మా. టవరు 5జీ అంటే ఐదో తరం. ఇది 5 గిగాహెర్ట్జ్. ఇంట్లో ఉన్న పెట్టెదే. సిమ్ము అక్కర్లేదు."

ఎప్పుడు ఏది?

రూటర్ ఉన్న గదిలోనే వీడియో పాఠం, పరీక్ష అయితే 5 పట్టుకోండి.

రెండు గోడల అవతల, మేడ మీద, దొడ్లో అయితే 2.4 పట్టుకోండి.

పాత ఫోన్లు, ఇంటి కెమెరాలు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. వాటిలో 5 పేరు కనబడదు. ఫోను చెడిందని అనుకోవద్దు.

కొన్ని ఇళ్లల్లో పేరు ఒక్కటే కనబడుతుంది. అక్కడ ఫోనూ రూటరూ కలిసి దారి ఎంచుకుంటాయి.

రూటర్‌ను నేల మీద పెట్టవద్దు. బీరువా వెనక, ఫ్రిజ్ పక్కన పెట్టవద్దు. ఇంటి నడుమ, ఎత్తున పెట్టండి.

డబ్బు కట్టే ముందు

రూటర్ దగ్గర నిలబడండి. 5 పట్టుకుని చూడండి. అక్కడ బాగా వస్తే ప్లాను సరిపోయినట్టే. పెట్టె చోటో, దారో మార్చాలి. అక్కడ కూడా నెమ్మదిగానే ఉంటే లైనులోనో, ప్లానులోనో, రూటర్‌లోనో లోపం ఉండవచ్చు. కంపెనీకి ఫిర్యాదు చేయండి. మనిషి వచ్చినప్పుడు "ఈ పెట్టెలో రెండు దారులూ ఉన్నాయా?" అని అడగండి. వినయంగా అడగండి, కానీ గట్టిగా అడగండి. డబ్బు కట్టేది మీరు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో రూటర్ ఎక్కడ ఉంది? దానికీ పిల్లలు చదివే చోటుకీ నడుమ ఎన్ని గోడలు ఉన్నాయి?

2. మీ ఫోనులో వైఫై పేర్లు చదవండి. ఎన్ని ఉన్నాయి?

3. మీ ఫోను ఇప్పుడు ఏ దారి పట్టుకుంది?