ఫుట్‌బాల్ మేనేజర్‌లో త్రీ మ్యాన్ డిఫెన్స్: ముగ్గురి కంటే ఆ ఇద్దరే ముఖ్యం

ఫుట్‌బాల్ మేనేజర్ మొబైల్‌లో కొత్త సేవ్ మొదలుపెట్టి, ఎక్కడో చూసిన 3-4-3 పెట్టేసి, వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయారా? చాలామంది వెంటనే సెంటర్ బ్యాక్‌లు బాలేరనుకుని ట్రాన్స్‌ఫర్ బడ్జెట్ అంతా వాళ్ల మీదే పోసేస్తారు. ప్రాబ్లం మాత్రం చాలాసార్లు వేరే చోట ఉంటుంది.

కబడ్డీతో చూద్దాం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పెరిగినవాళ్లకి కబడ్డీ చెప్పక్కర్లేదు. కోర్టులో ముగ్గురే మిగిలారనుకోండి. రైడర్‌ని పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. కానీ తెలివైన రైడర్ ముగ్గురి మధ్యలోకి రాడు, ఖాళీగా ఉన్న మూలకి లాగుతాడు.

ఇక్కడా అంతే. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో మధ్యలో గట్టిగా ఉంటుంది. రెండు పక్కల ఖాళీ మాత్రం వింగ్ బ్యాక్‌లే చూసుకోవాలి. బాల్ మనదైతే వాళ్లు వింగర్లు, పోయిందంటే ఫుల్ బ్యాక్‌లు. అందుకే వాళ్లలో ముందు స్టామినా, పేస్ చూడండి, ఆ తర్వాతే క్రాసింగ్, ట్యాక్లింగ్. బెంచ్ మీద ఇంకో వింగ్ బ్యాక్ ఉండాల్సిందే.

ముగ్గురిలో ఎవరు ఎక్కడ?

మధ్యలో ఉన్నవాడు కాస్త స్లో అయినా పర్లేదు, పొజిషనింగ్, ఏరియల్ బాగుంటే చాలు. పక్కన ఉన్న ఇద్దరికి మాత్రం స్పీడ్ కావాలి. వింగ్ బ్యాక్ పైకెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి పరిగెత్తేది వాళ్లే.

ఎప్పుడు వాడాలి?

అవతలి టీమ్‌లో ఇద్దరు స్ట్రైకర్లుంటే మీకు ఒక డిఫెండర్ ఎక్స్‌ట్రా. ఇది బెస్ట్ కేస్. ఒక్క స్ట్రైకరే ఉంటే ఇద్దరు ఊరికే నిలబడతారు, మిడ్‌ఫీల్డ్‌లో మనిషి తగ్గుతాడు. ముగ్గురు ఫార్వర్డ్‌లుంటే మీ వింగ్ బ్యాక్‌లు వెనక్కి నెట్టబడి, త్రీ కాస్తా ఫైవ్ అయిపోతుంది.

రియల్ ఫుట్‌బాల్‌లో

2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడిన చెల్సీ కోచ్ ఆంటోనియో కాంటే, ఆ మ్యాచ్ మధ్యలోనే ముగ్గురు డిఫెండర్లకి మారాడు. తర్వాత లీగ్‌లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచి, 93 పాయింట్లతో టైటిల్ కొట్టాడు. కుడివైపు వింగ్ బ్యాక్‌గా ఆడింది విక్టర్ మోసెస్. అతను అసలు వింగర్. పక్కల్లో పరిగెత్తేవాడు దొరికాకే ఆ ఫార్మేషన్ నిలబడింది.

ఒక చిన్న టెస్ట్

ఈసారి స్కిప్ చేయకుండా ఒక మ్యాచ్ మొత్తం చూడండి. మీకు పడ్డ ప్రతి గోల్ ఎక్కడ మొదలైందో రాసుకోండి. పక్కల నుంచి వచ్చిన క్రాస్‌లే ఎక్కువైతే మార్చాల్సింది వింగ్ బ్యాక్‌లని. అరవై నిమిషాల తర్వాతే గోల్స్ పడుతుంటే వాళ్లు అలిసిపోతున్నారని, సబ్ త్వరగా దింపండి. మీ స్క్వాడ్‌లో అలాంటివాళ్లు ఇద్దరు లేకపోతే, మొహమాటం లేకుండా నలుగురు డిఫెండర్లకి వెళ్లిపోండి. ఫార్మేషన్ నచ్చిందని కాదు, ప్లేయర్లున్నారని ఆడాలి.