లినక్స్ కంప్యూటర్‌కు కేబుల్ ఇంటర్నెట్ కలుపుకోవడం ఎలా?

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. ఆ సేవ మొదట అందిన నగరాల్లో కలకత్తా ఒకటి. అప్పట్లో టెలిఫోన్ లైను ద్వారా డయల్ చేసి కలుపుకోవలసి వచ్చేది. 2001లో ఆ నగరం పేరు కోల్‌కతాగా మారింది. తర్వాతి సంవత్సరాల్లో టీవీ కేబుల్ ఆపరేటర్లు కూడా అక్కడ ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వసాగారు.

మీరు చదువుకోసం కోల్‌కతా వెళ్లి గది తీసుకున్నారనుకోండి. మీ కంప్యూటర్‌లో లినక్స్ ఉంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు "విండోస్ లేదా? అయితే నెట్ రాదు" అన్నాడు. రేపటిలోగా మీరు పరీక్ష దరఖాస్తు పంపాలి. మరి అతని మాట నిజమేనా?

టీవీ కార్యక్రమాలూ, ఇంటర్నెట్ సమాచారమూ ఒకే కేబుల్‌లో వేర్వేరు పౌనఃపున్యాల మీద ప్రయాణిస్తాయి. కేబుల్ మోడెమ్ ఇంటర్నెట్ సంకేతాలను వేరుచేసి, ఈథర్‌నెట్ తీగ ద్వారా కంప్యూటర్‌కు అందిస్తుంది. ఇక్కడి నుంచి నడిచేది టీసీపీ/ఐపీ అనే నియమావళి. అది ఏ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ సొత్తూ కాదు.

మీ కంప్యూటర్‌కు నాలుగు వివరాలు కావాలి. ఐపీ అడ్రస్ ఇంటి నంబరు వంటిది. సబ్‌నెట్ మాస్క్ మన వీధి హద్దును తెలుపుతుంది. గేట్‌వే వీధి దాటించే ద్వారం. డీఎన్ఎస్ పేర్లను నంబర్లుగా మార్చే డైరెక్టరీ. డీహెచ్‌సీపీ ఉంటే ఈ నాలుగూ వాటంతటవే వస్తాయి. లేకపోతే ఆపరేటర్‌ను అడిగి, నెట్‌వర్క్ సెట్టింగులలో 'మాన్యువల్' ఎంచుకుని నింపాలి.

నెట్‌వర్క్ కార్డుకు 12 అంకెలు, అక్షరాల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. కొందరు ఆపరేటర్లు దాన్ని నమోదు చేసుకుని, ఆ కార్డుకే సేవ ఇస్తారు. కంప్యూటర్ మారిస్తే కొత్త నంబరు తెలపాలి. మోడెమ్ పాత కార్డునే గుర్తుంచుకోవచ్చు కనుక, దాన్ని కాసేపు ఆపి మళ్లీ వేయాలి.

అయినా నెట్ రాలేదా? వరుసగా పరీక్షించండి. కార్డు దగ్గర దీపం వెలగకపోతే లోపం తీగలో ఉండవచ్చు. ఐపీ అడ్రస్ లేకపోయినా, 169.254తో మొదలైనా డీహెచ్‌సీపీ జవాబు రాలేదన్నమాట. తర్వాత పింగ్ ఆదేశంతో గేట్‌వేను, ఆపై 8.8.8.8ను పిలవండి. ఈ నంబరు పలికి, వెబ్‌సైట్ పేరు మాత్రం పలకకపోతే డీఎన్ఎస్ సరిచేయాలి.

ఇక కుర్రవాడి మాట. ఆపరేటర్ లాగిన్ ప్రోగ్రామ్ విండోస్‌కే తయారైనదైతే అందులో కొంత నిజముంది. అప్పుడు బ్రౌజర్ ద్వారా లాగిన్ అయ్యే వీలుందేమో అడగండి. పీపీపీఓఈ పద్ధతి అయితే ఆ పేరూ, పాస్‌వర్డూ లినక్స్‌లోనే ఇవ్వవచ్చు.

ఆలోచించండి: గేట్‌వే పలికి, 8.8.8.8 పలకకపోతే లోపం మీ గదిలో ఉందా, బయట ఉందా?