సంఘర్షణ ప్రాంతాల్లో దౌత్యం: లఖ్దర్ బ్రహీమీ అనుభవం

1. పరిచయం

ఐక్యరాజ్యసమితి అంగాల గురించి మీరు ఇదివరకే చదివారు. ఆ సంస్థ తరఫున యుద్ధం జరుగుతున్న దేశానికి వెళ్లి, ఒకరినొకరు చంపుకుంటున్న వర్గాలను చర్చలకు కూర్చోబెట్టే దౌత్యవేత్త పని ఎలా ఉంటుందో ఈ భాగంలో తెలుసుకుందాం. ప్రధాన కార్యదర్శి నియమించే ఇటువంటి ప్రత్యేక ప్రతినిధి చేతిలో సొంత సైన్యం గాని, ఖజానా గాని ఉండవు. మన ఊళ్లలో తగవు తీర్చే పెద్దమనిషిలాగే ఇతనికీ ఇరుపక్షాల నమ్మకమే పెట్టుబడి. అయితే నమ్మకం ఒక్కటే సరిపోతుందా? చర్చల్లో ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరిని బయట ఉంచారు అన్నది ఫలితాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుంది? అల్జీరియా దౌత్యవేత్త లఖ్దర్ బ్రహీమీ వృత్తి జీవితం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. తొలి దశ

బ్రహీమీ 1934లో, ఫ్రెంచి పాలనలో ఉన్న అల్జీరియాలో జన్మించారు. 1956 నుంచి 1961 వరకు అల్జీరియా జాతీయ విమోచన ఉద్యమ ప్రతినిధిగా జకార్తాలో పనిచేశారు. అంటే ఆయన దౌత్యం మొదలయ్యే నాటికి ఆయనకు సొంత దేశమే లేదు. తుపాకి పట్టినవారు ఎందుకు పట్టారో లోపలి నుంచి తెలిసిన మనిషి ఆయన. ఈ విషయాన్ని మీరు గుర్తుంచుకోండి. 1962లో అల్జీరియా స్వతంత్రమైన తరువాత ఈజిప్టులోను, బ్రిటన్‌లోను రాయబారిగా ఉన్నారు. 1991 నుంచి 1993 వరకు విదేశాంగ మంత్రిగా పనిచేశారు.

3. లెబనాన్: తాయిఫ్ ఒప్పందం

లెబనాన్‌లో 1975లో అంతర్యుద్ధం మొదలైంది. అరబ్ లీగ్ తరఫున బ్రహీమీ అక్కడి వర్గాల మధ్య రాకపోకలు సాగించారు. 1989 అక్టోబరులో లెబనాన్ పార్లమెంటు సభ్యులు సౌదీ అరేబియాలోని తాయిఫ్ నగరంలో సమావేశమై ఒప్పందానికి వచ్చారు. అంతవరకు పార్లమెంటు స్థానాలు క్రైస్తవులకు, ముస్లింలకు 6:5 నిష్పత్తిలో ఉండేవి. ఒప్పందం వాటిని సమానం చేసింది. అయితే దానిని వ్యతిరేకించిన సేనాధిపతి మిషెల్ అవున్‌ను 1990లో సిరియా సైన్యం ఓడించిన తరువాతనే పోరు ముగిసింది. ఒప్పందాన్ని మధ్యవర్తి రాయించగలడు గాని, దాని అమలుకు వేరే బలం కావాలని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

4. బ్రహీమీ నివేదిక, 2000

దక్షిణాఫ్రికాలో 1994 ఎన్నికల నాటి ఐక్యరాజ్యసమితి పరిశీలక బృందానికి, ఆ తరువాత హైతీలోని బృందానికి బ్రహీమీ నాయకత్వం వహించారు. అదే కాలంలో రువాండాలోను (1994), బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలోను (1995) ఐక్యరాజ్యసమితి సైనికులు ఉండగానే సామూహిక హత్యలు జరిగాయి. లోపం ఎక్కడుందో పరిశీలించడానికి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2000లో బ్రహీమీ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. ఆ సంఘం చేసిన ముఖ్య సూచనలు ఇవి:

(అ) శాంతి పరిరక్షక దళానికి అప్పగించే బాధ్యత స్పష్టంగా, సాధ్యమయ్యేదిగా ఉండాలి.
(ఆ) సాధారణ దళాన్ని 30 రోజుల్లో, క్లిష్టమైన దళాన్ని 90 రోజుల్లో రంగంలోకి దించగలగాలి.
(ఇ) భద్రతామండలికి సచివాలయం చెప్పవలసింది చెప్పాలి గాని, మండలి వినాలనుకునేది కాదు.

మూడవ సూచన పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కాని తన పై అధికారులకు చేదు నిజం చెప్పడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని.

5. అఫ్ఘానిస్థాన్: చర్చల్లో లేనివారు

1998 ఆగస్టులో మజారె షరీఫ్‌లో ఇరాన్ దౌత్య సిబ్బంది హత్యకు గురయ్యారు. ఇరాన్ తన సేనలను సరిహద్దుకు తరలించింది. అప్పుడు బ్రహీమీ కాందహార్ వెళ్లి తాలిబన్ నాయకుడు ముల్లా ఒమర్‌తో ముఖాముఖి మాట్లాడారు. ఇరాన్ ఖైదీల విడుదలకు తాలిబన్లు అంగీకరించారు, ఉద్రిక్తత తగ్గింది. తాలిబన్లతో మాట్లాడడం కష్టమే గాని అసాధ్యం కాదని దీనివల్ల తేలింది.

2001లో తాలిబన్ ప్రభుత్వం కూలుతుండగా, జర్మనీలోని బాన్ సమీపంలో నాలుగు అఫ్ఘాన్ వర్గాలతో బ్రహీమీ చర్చలు నడిపారు. మంత్రి పదవుల పంపకం దగ్గర చర్చలు చిక్కుబడ్డాయి. ఆనాటి అమెరికా ప్రతినిధి జేమ్స్ డాబిన్స్ తరువాత చెప్పినదాని ప్రకారం, ఇరాన్ ప్రతినిధి జావాద్ జరీఫ్ నచ్చజెప్పడంతో ఉత్తర కూటమి వెనక్కి తగ్గింది. డిసెంబరు 5న ఒప్పందం కుదిరింది. హమీద్ కర్జాయ్ నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది.

ప్రపంచమంతా దీనిని విజయంగా భావించింది. కాని ఓడిపోయిన తాలిబన్లకు చర్చల్లో చోటు లేదు. 2002, 2003 సంవత్సరాలలో వారితో మాట్లాడకపోవడం తన పెద్ద తప్పులలో ఒకటని బ్రహీమీ తరువాత బహిరంగంగా ఒప్పుకున్నారు. ఇరవై ఏళ్ల యుద్ధం తరువాత, 2021 ఆగస్టులో తాలిబన్లే కాబూల్‌ను తిరిగి స్వాధీనం చేసుకున్నారు. నాడే మాట్లాడి ఉంటే యుద్ధం తప్పేదని రుజువు చేయలేం. అయినా, ఓడినవారు లేకుండా రాసుకున్న శాంతి ఎంత బలహీనమో ఈ అనుభవం చెబుతుంది.

6. సిరియా: మధ్యవర్తి క్షమాపణ

2012లో కోఫీ అన్నన్ తప్పుకోవడంతో సిరియా బాధ్యత బ్రహీమీకి వచ్చింది. 2014 జనవరిలో స్విట్జర్లాండులో ప్రభుత్వ, ప్రతిపక్ష ప్రతినిధులను ఒకచోటికి చేర్చారు. ఈ సమావేశానికి ఇరాన్‌కు పంపిన ఆహ్వానాన్ని ప్రారంభానికి ముందే ఉపసంహరించుకున్నారు. బాన్‌లో చిక్కుముడి విప్పిన దేశమే ఇక్కడ చర్చల వెలుపల ఉండిపోయింది. భద్రతామండలిలో పెద్ద దేశాలు కూడా ఒక మాట మీద లేవు. రెండు విడతల చర్చలు ఫలితం లేకుండా ముగిశాయి. బ్రహీమీ సిరియా ప్రజలకు క్షమాపణ చెప్పారు, మే నెలలో రాజీనామా ప్రకటించారు.

7. సారాంశం

ఈ వృత్తిని గెలుపు, ఓటముల లెక్కతో కొలవాలని మీకు అనిపించవచ్చు. దానికి బదులు, ఏ ఒప్పందం గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: చర్చల్లో ఎవరు లేరు? ఒప్పందం వెనుక ఏ బలం ఉంది? మధ్యవర్తి తనను పంపినవారికి నిజం చెప్పాడా? మొదటి ప్రశ్నకు జవాబు తప్పితే, ఎంత నేర్పరి అయినా మధ్యవర్తి శ్రమ నిలవడం కష్టం. తన తప్పును తానే చెప్పుకోవడం ద్వారా బ్రహీమీ తరువాతివారికి పాఠం మిగిల్చారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తాయిఫ్ ఒప్పందం అమలుకు మధ్యవర్తిత్వం ఒక్కటే ఎందుకు సరిపోలేదు?
2. బ్రహీమీ నివేదికలోని మూడు ముఖ్య సూచనలను వివరించండి.
3. బాన్, సిరియా చర్చలలో ఇరాన్ స్థానాన్ని పోల్చి, మీ అభిప్రాయాన్ని రాయండి.