పోపులపెట్టెలోని చిల్లర

పోపులపెట్టెలోను, పిల్లల ముంతలోను పేరుకొనిన చిల్లరను అంగడికి పంపుటకు ముందు ఒకమారు చాపపై పోసి పరికింపుడు.

మొదట విలువనుబట్టియు, పిమ్మట సంవత్సరమునుబట్టియు నాణెములను వేరుచేయవలెను. నేటి నాణెములపై సంవత్సరము క్రింద సాధారణముగా టంకశాల గురుతుండును. నక్షత్రమున్నచో హైదరాబాదు, వజ్రాకృతి యున్నచో ముంబాయి, గుండ్రని చుక్క యున్నచో నోయిడా. ఏ గురుతును లేకున్న కలకత్తా. ఒకే సంవత్సరపు రూపాయి నాలుగు విధములుగా దొరకవచ్చును. ఆ నాలుగింటిని కూర్చుటయే సేకరించువారి వేడుక.

1957 ఏప్రిల్ 1వ తేదీన అణాల లెక్క మారి, రూపాయికి నూరు నయాపైసలైనవి. 1964లో 'నయా' యను మాట తొలగెను. పావలాయు, అంతకు తక్కువ నాణెములును 2011 జూన్ 30వ తేదీనుండి చెల్లుట లేదు. అంగడివాడు త్రోసివేయు ఆ పావలాయే సేకరించువారికి దాచదగినది.

ఒక్క హెచ్చరిక. మా అత్తగారు దాచిన 1862వ సంవత్సరపు రాగి కాలణాను నేను చింతపండుతో తళతళలాడునట్లు తోమితిని. ఆమె సంతసించిరి గాని, నాణెములెరిగిన మా మరిది నిట్టూర్చెను. ఏండ్లతరబడి లోహముపై నేర్పడిన ఆ ముదురు ఛాయయే దానికి రక్ష. సేకరించువారికి విలువయు నదియే. పోయిన ఛాయ మరల రాదు.

కావున చెంబులను తోముడు, నాణెములను తోమకుడు. మట్టి యున్నచో మంచినీట కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పొడిచోట దాచుడు. ఆ కాలణాను నేటికిని మా పిల్లలకు చూపి ఈ మాటయే చెప్పుచుందును.