చార్జింగు ఎక్కదు, నిలవదు – ఎందుకు?

పిల్లలూ! ఇంటి కప్పు మీద ఉండే నీళ్ళ తొట్టిని మీరు చూసే ఉంటారు. మన మారిషస్‌లో చాలా ఇళ్ళ మీద అటువంటి తొట్టి ఉంటుంది. అది నిండడానికి పొద్దంతా పట్టిందనుకోండి. తప్పు ఎక్కడున్నది? నీళ్ళు వచ్చే గొట్టం సన్ననిది కావచ్చు. గొట్టంలో మట్టి పేరుకొని ఉండవచ్చు. ఒక పక్క నీళ్ళు ఎక్కుతూ ఉండగా మరొక పక్క ఎవరో కొళాయి తిప్పి వదిలేసి ఉండవచ్చు. అలా కాక, నిండిన తొట్టి గంటలో ఖాళీ అయిందనుకోండి. అప్పుడు చూడవలసినది వచ్చే గొట్టాన్ని కాదు, నీళ్ళు పోయే దారులను.

స్మార్ట్‌ఫోను సంగతి కూడా ఇంతే. "ఈ ఫోను పాడైంది, కొత్తది కొనాలి" అని ఇంట్లో ఎవరైనా అనగానే మీరు ఒక ప్రశ్న అడగండి. చార్జింగు ఎక్కడం ఆలస్యమవుతున్నదా, లేక ఎక్కిన చార్జింగు త్వరగా దిగిపోతున్నదా? ఇవి రెండు వేరు వేరు జబ్బులు. రెండూ ఒకే ఫోనుకు వచ్చినా విడివిడిగానే పరీక్షించాలి.

ఇది చిన్న విషయం కాదు. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయిస్ వీధులలో వరద నీరు కార్లను సైతం ఈడ్చుకొనిపోయింది. చాలా ఇళ్ళలో కరెంటు పోయింది. అటువంటి రోజున చేతిలోని ఫోను మధ్యాహ్నానికే ఆరిపోతే, ఊళ్ళో ఒంటరిగా ఉన్న తాతగారు ఎలా ఉన్నారో కనుక్కొనేది ఎలా?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బ్యాటరీ సెల్లును తెలుగు సైన్సు పుస్తకాలలో "ఘటం" అని రాస్తారు. టార్చిలైటులో వేసేది "అనార్ద్ర ఘటం". ఆ మాట తెలిసి ఉండడం మంచిదే. కాని ఇంట్లో నాయనమ్మగారితో "ఘటం నిండలేదు" అంటే ఆవిడ నీళ్ళ కుండ వైపు చూస్తుంది. మాట్లాడేటప్పుడు తెలుగువాళ్ళు "చార్జింగు పెట్టాను", "చార్జింగు అయిపోయింది" అనే అంటారు. మనమూ అలాగే అందాం.

ఫోనులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది మొదటిసారి 1991లో జపానులో అమ్మకానికి వచ్చింది. దీనిని రూపొందించినందుకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చార్జింగు పెట్టినప్పుడు లిథియం కణాలు బ్యాటరీలో ఒక పక్క నుండి రెండవ పక్కకు చేరుతాయి. ఫోను వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ఇలా వెళ్ళి వచ్చే ప్రతిసారీ కొంచెం లిథియం దారిలోనే చిక్కుకొని పనికి రాకుండా పోతుంది. అందుచేత తొట్టి ఏటేటా కొంత చిన్నదవుతుంది. చాలా ఫోన్ల బ్యాటరీలు సుమారు 500 పూర్తి చార్జింగుల తరువాత మొదట పట్టినదానిలో 80 వంతులే పడతాయి. కొత్త రకాలు ఇంకా కొంతకాలం ఆగుతాయి.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. చార్జరు మీద సన్నని అక్షరాలతో వోల్టులు, ఆంపియర్లు అచ్చు వేసి ఉంటాయి. రెంటినీ గుణిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది 5 వాట్ల చార్జరు. 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 18 వాట్లు. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 19 వాట్ గంటల శక్తి పడుతుంది. 19ని 5తో భాగించండి. నాలుగు గంటలకు కాస్త తక్కువ వస్తుంది. కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి నిజానికి నాలుగు గంటలు దాటుతుంది. అదే ఫోనును పాత కంప్యూటరుకు తగిలిస్తే దొరికేది 2.5 వాట్లే కావచ్చు. అప్పుడు ఎనిమిది గంటలైనా చాలదు. ఇందులో ఫోను తప్పేమున్నది? మరొక సంగతి. 80 దాటిన తరువాత చార్జింగు నెమ్మదించడం జబ్బు కాదు. బ్యాటరీ దెబ్బతినకుండా ఫోనే కావాలని వేగం తగ్గిస్తుంది.

చార్జరు సరైనదే అయినా ఆలస్యమవుతుంటే ఈ పరీక్ష చేయండి. ఫోను మీద కనిపించే అంకెను రాసుకొని, ఫోను ముట్టుకోకుండా అరగంట చార్జింగు పెట్టి, మళ్ళీ అంకె రాయండి. తరువాత తీగ ఒక్కటే మార్చి చూడండి. ఆ తరువాత చార్జరు ఒక్కటే, ఆపైన గోడ ప్లగ్గు ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మార్చేస్తే దొంగ ఎవరో తెలియదు. చాలాసార్లు దొంగ తీగే. చౌకరకం తీగలో రాగి సన్నగా ఉంటుంది, లేదా వంగి వంగి లోపల తెగి ఉంటుంది.

తీగ మంచిదైతే ఫోను అడుగున ఉన్న రంధ్రంలోకి దీపం వేసి చూడండి. జేబులోని నూలు పీచు, సముద్రతీరపు ఇసుక అందులో గట్టిగా అణిగిపోయి ఉంటాయి. ఫోను ఆర్పివేసి, పెద్దలను దగ్గర ఉంచుకొని, చెక్క పంటిపుల్లతో మెల్లగా తీయాలి. పిన్నీసుతో గుచ్చకూడదు. లోపలి లోహపు మొనలు వంగిపోతాయి. రంధ్రం తడిస్తే దానంతట అది ఆరనివ్వండి. బియ్యంలో పాతిపెట్టడం అందరూ చెప్పే చిట్కాయే గాని, బియ్యపు పొడి రంధ్రంలో చేరి పని ఇంకా చెడుతుంది.

ఇక రెండవ జబ్బు. గుడిలో రామభజన రెండు గంటలు వీడియో తీస్తే చార్జింగు దిగకుండా ఎలా ఉంటుంది? అది ఖర్చు, కారడం కాదు. కారడాన్ని పట్టుకోవాలంటే రాత్రి పరీక్ష చేయాలి. పడుకొనే ముందు తీగ తీసివేసి అంకె రాయండి. లేవగానే మళ్ళీ చూడండి. రెండు మూడు అంకెలు తగ్గితే ఫరవాలేదు. ఇరవై తగ్గిందంటే మనం నిద్రపోతున్నా ఫోను నిద్రపోలేదన్నమాట. మరునాడు రాత్రి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూడండి. కారడం ఆగిపోతే సిగ్నలైనా, ఇంటర్నెట్టు వాడే ఆప్‌లైనా కారణం. కాంక్రీటు గోడల నడుమ సిగ్నలు అందక, ఫోను గట్టిగా అరిచే మనిషిలాగా ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. ఏ ఆప్ ఎంత తింటున్నదో సెట్టింగులలో బ్యాటరీ అన్న చోట కనిపిస్తుంది. ఫ్లైట్ మోడ్‌లోనూ కారుతూనే ఉంటే, ఫోను మూడు నాలుగేళ్ళదైతే, బ్యాటరీ ముసలిదైంది. బ్యాటరీ ఒక్కటి మార్పించడం కొత్త ఫోను కొనడం కంటే చాలా చౌక.

పగలు కూడా ఒకటి చూసుకోండి. ఎండలో నిలిపిన కారులోను, దిండు కిందను పెట్టి చార్జింగు ఎక్కించకండి. వేడెక్కిన ఫోను చార్జింగును తానే తగ్గిస్తుంది, ఒక్కొక్కసారి పూర్తిగా ఆపుతుంది.

ఫోను వెనుక మూత పైకి లేచినా, అద్దం అంచున సందు కనిపించినా పై పరీక్షలేవీ చేయవద్దు. బ్యాటరీలో వాయువు పుట్టి ఉబ్బిందని అర్థం. దానిని నొక్కకండి, గుచ్చకండి, చార్జింగు పెట్టకండి. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పి, బాగుచేసే దుకాణానికి పంపించండి. అటువంటి బ్యాటరీని ఇంటి చెత్తడబ్బాలో వేయకూడదు. చెత్త లారీలో నలిగితే మంట లేస్తుంది.