ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు: చెడినపుడు చేయవలసిన మరమ్మతు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస ప్రాంతములయందును, ఉద్దానపు తీరమందును నేడు ట్రాక్టరు లేని గ్రామము అరుదు. గొట్టా బ్యారేజి ఎడమ కాలువ క్రింద వరి పొలములకు దమ్ము చేయు రోటావేటరు, కొబ్బరి మొక్కలకు గుంతలు త్రవ్వు యంత్రము, ధాన్యము నూర్చు యంత్రము - ఇవి అన్నియు ట్రాక్టరు శక్తితోనే పనిచేయును. ఆ శక్తిని ఇంజను నుండి పనిముట్టునకు చేర్చునది వెనుక భాగమున తిరుగుచుండు పి.టి.ఓ. షాఫ్టు. ఇది విరిగినచో ట్రాక్టరు బాగుగనే యున్నను పని నిలిచిపోవును. కాలువ నీరు వచ్చిన వారములో దమ్ము రెండు దినములు ఆగినను రైతునకు నష్టమే. అందుచేత దీని స్వరూపమును, మరమ్మతు విధానమును గ్రామ పెద్దలు తెలిసికొనియుండుట మంచిది.

నిర్మాణము

ఈ షాఫ్టు ఒకదానిలో ఒకటి జరుగు రెండు గొట్టములతో ఏర్పడినది. పనిముట్టును ఎత్తి దింపునపుడు షాఫ్టు పొడవు మారుటకు ఈ ఏర్పాటు అవసరము. రెండు కొనలయందును యోకులు అను కొమ్ముల వంటి భాగములు, వాని నడుమ కూడిక గుర్తు ఆకారమున క్రాస్ అను ఉక్కు ముక్క ఉండును. క్రాస్ నాలుగు కొనలకును సన్నని సూది బేరింగులు గల గిన్నెలు అమర్చబడియుండును. షాఫ్టు వంకరగా నున్నను శక్తి ప్రసరించుటకు ఇవియే కారణము. అన్నింటిపైన ప్లాస్టిక్కు గార్డు కప్పియుండును.

సాధారణముగా ఈ షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా ఒక్క సెకనులో 9 చుట్లు.

చెడుటకు కారణములు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు విస్తారముగా నేలకూలినవి. చెట్లు కూలిన తోటలలో తిరిగి సేద్యము చేయునపుడు నేలలో మిగిలిన మొదళ్లు, వేళ్లు రోటావేటరు కత్తులకు తగులును. కత్తులు ఒక్కసారిగా ఆగిపోయినను ఇంజను ఆగదు. ఆ బలమంతయు షాఫ్టుపై పడి క్రాస్ విరుగును, లేక గొట్టము మెలిపడును.

ఇటువంటి సమయమున షాఫ్టును కాపాడుటకే షియర్ బోల్టును అమర్చుదురు. అధిక భారము పడినపుడు తాను తెగి మిగిలిన యంత్రమును రక్షించుటయే దాని ధర్మము. మాటిమాటికి తెగుచున్నదని కొందరు దాని స్థానమున గట్టి బోల్టును గాని, ఇనుప కడ్డీని గాని బిగింతురు. అప్పుడు స్వల్పపు వెలతో పోవలసిన నష్టము క్రాస్‌కు, గేర్ బాక్సుకు ప్రాకును. యంత్రము తయారుచేసినవారు చెప్పిన కొలత, రకము గల బోల్టునే వాడవలెను.

తీరపు ఇసుక, ఉప్పుగాలి కూడ శత్రువులే. గ్రీజు ఎండిన బేరింగులో ఇసుక చేరినచో సూదులు అరిగిపోవును. గొట్టములు తుప్పుపట్టి జరుగక బిగిసినచో, పనిముట్టును ఎత్తినపుడు ట్రాక్టరు లోపలి బేరింగుపైనను ఒత్తిడి పడును.

మరమ్మతు క్రమము

మొదట పి.టి.ఓ.ను విడదీసి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి దగ్గర నుంచుకొనవలెను. పనిముట్టును నేలకు దింపవలెను. ఆ పిమ్మటనే షాఫ్టుపై చేయి వేయవలెను.

షాఫ్టును ఊడదీసి రెండు యోకులను చేతులతో పట్టి కదపవలెను. క్రాస్ వద్ద వదులు తెలిసినను, తిప్పునపుడు గరగర వినిపించినను క్రాస్‌ను మార్చవలసినదే. గొట్టము వంగినను, మెలిపడినను కొత్తది వేయుట మేలు. వంగినదానిని సమ్మెటతో సరిచేసినను, పగిలినదానిని వెల్డింగుతో అతికినను అది నిటారుగా తిరుగదు. అదురు పుట్టి కొత్త క్రాస్ కూడ త్వరలోనే చెడును.

క్రాస్ కొనుటకు ముందు పాతదానిని కొలువవలెను. గిన్నె వ్యాసము ఒక్కటియే చాలదు. 27 మిల్లీమీటర్ల వ్యాసము గల క్రాస్‌లలోనే 70 మిల్లీమీటర్ల పొడవు గలవియు, 74.6 మిల్లీమీటర్ల పొడవు గలవియు ఉన్నవి. పాత ముక్కను వెంట తీసికొనిపోయినచో కాశీబుగ్గకో, టెక్కలికో రెండవసారి తిరుగు శ్రమ తప్పును.

తరువాత సర్‌క్లిప్పులను తీసి, గిన్నెలను వైసులో నొక్కి బయటకు తేవలెను. యోకు రంధ్రములను శుభ్రపరచవలెను. రంధ్రము సాగిపోయి గిన్నె వదులుగా నున్నచో యోకును కూడ మార్చవలెను. కొత్త గిన్నెలలో సూదులు పడిపోకుండ గ్రీజు రాసి, క్రాస్‌ను నిలిపి, గిన్నెలను ఎదురెదురుగా నెమ్మదిగా నొక్కవలెను. సర్‌క్లిప్పు గాడి పూర్తిగా కనబడకున్నచో లోపల ఒక సూది అడ్డుపడియుండును. అప్పుడు బలముతో కొట్టక, విప్పి సరిచేయవలెను. గ్రీజు నిపుల్ గన్ను అందు వైపున ఉండవలెను. పని ముగిసిన పిదప క్రాస్ చేతితోనే అన్నివైపులకు తేలికగా కదలవలెను.

గొట్టములను కలుపునపుడు ముఖ్యమైన జాగ్రత్త ఒకటి కలదు. రెండు గొట్టముల కొనలనున్న యోకులు ఒకే వరుసలో నుండవలెను. వంకరగా పనిచేయు ఒక్క క్రాస్ ఒక చుట్టులోనే కొంత వేగముగను, కొంత మెల్లగను తిరుగును. రెండవది సరియైన వరుసలో నున్నపుడు ఆ హెచ్చుతగ్గులను సరిచేయును. వరుస తప్పినచో అదురు హెచ్చును.

పనిచేయునపుడు గొట్టములు కనీసము మూడవ వంతు ఒకదానిలో ఒకటి ఉండవలెను. షాఫ్టు మిక్కిలి కురుచయైనపుడును కొనలు ఒరుసుకొనకుండ రెండు మూడు సెంటీమీటర్ల ఎడము మిగులవలెను. మలుపులయందు పనిముట్టును బాగుగ ఎత్తునపుడు పి.టి.ఓ.ను ఆపవలెను.

గార్డు లేని షాఫ్టు ప్రాణాంతకము

గార్డు పగిలినపుడు దానిని తీసి పారవేయుట పలుచోట్ల కనబడు అలవాటు. అయిదు సెంటీమీటర్ల లావు గల షాఫ్టు సెకనులో దాదాపు 140 సెంటీమీటర్ల గుడ్డను చుట్టుకొనగలదు. తువాలు, లుంగీ, చీర చెంగు దొరికినచో మనిషి కేక వేయునంతలో ప్రమాదము జరిగిపోవును. గట్టిగా బిగిసిన గుడ్డను ఎవ్వరును లాగి విడిపింపలేరు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి వలన ఇదివరకే అనేక కుటుంబములు సంపాదించు మనుష్యుని శక్తిని కోల్పోయినవి. అట్టి ఇంట మరియొకరి చేయి యంత్రమునకు బలియగుట ఎంతటి విపత్తో వేరుగ చెప్పనక్కరలేదు. కొత్త క్రాస్ వేసి, గార్డు వేయనిచో మరమ్మతు సగమే జరిగినట్లు.

పంచాయతీల కర్తవ్యము

దమ్ము, నూర్పిడి కాలములకు ముందు గ్రామములోని యంత్రముల యజమానులను, డ్రైవర్లను ఒకచోట చేర్చి షాఫ్టులను, గార్డులను తనిఖీ చేయించవచ్చును. అద్దె యంత్రముల కేంద్రములున్న చోట ఒక జత క్రాస్‌లు, కొన్ని షియర్ బోల్టులు, ఒక గ్రీజు గన్ను సిద్ధముగ నుంచునట్లు చూడవచ్చును. ఏ యంత్రమునకు ఎప్పుడు గ్రీజు పెట్టినది, ఏ భాగము మార్చినది ఒక పుస్తకములో వ్రాయించినచో లోపము ముందే తెలియును. ఆసక్తి గల యువకులను అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థకు పంపుట గ్రామమునకు చిరకాలము ఉపకరించును. నూర్పిడి యంత్రముల వంటి అపాయకర యంత్రముల విషయమున భద్రతను, ప్రమాద నష్టపరిహారమును గూర్చి 1983లో కేంద్ర చట్టము వెలువడినదని కూడ సభ్యులు గ్రామసభలో తెలియజేయవలెను.

షియర్ బోల్టు ఖరీదును, గ్రీజు ఖరీదును లెక్కించి వెనుదీయువారికి, నిలిచిపోయిన దమ్ము ఖరీదెంతయో, పోయిన చేయి ఖరీదెంతయో విడమరచి చెప్పు బాధ్యత పంచాయతీ సభ్యులది.